అనుభవ పత్రం

పోయిన వేసవిలో పసిబిడ్డను తీసుకుని కమలాపురం వెళ్ళాను. మూడోరోజు మధ్యాహ్నం మా చిన్నమ్మ ఒక బిస్కెట్ల రేకుడబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. బయట నాపరాళ్ళ అరుగు కాలిపోతోంది. లోపల ఉయ్యాల్లో పాప నిద్రపోతోంది. డబ్బాలో రెండు పాత పాస్‌పోర్టులు, కువైట్‌లో ఇచ్చిన గుర్తింపు కార్డు (మా ఊళ్ళో దాన్ని బతాకా అనే అంటారు), రబ్బరుబ్యాండు వేసిన బ్యాంకు రసీదులు, మా అమ్మ ఆసుపత్రి కాగితాలు ఉన్నాయి.

"మీ అమెరికాకు వస్తా. కానీ సుట్టమని రాను. పనికని రాపిచ్చు. అట్లాంటి వీసా ఉండాదో ల్యాదో సూడు, సదువుకున్నదానివి గదా" అంది.

ఆమె అలా అడగడానికి కారణం నేనే. నా భర్త డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. పెళ్ళయిన ఆరేళ్ళకు, 2023లో, నేను ఆయన దగ్గరికి వెళ్ళాను. ఆయనది హెచ్-1బి వీసా. నాది హెచ్-4, అంటే ఆధారపడినవాళ్ళ వీసా. 2015 మే దాకా ఆ వీసా మీద ఉన్న భార్యలు ఉద్యోగం చెయ్యడానికే వీల్లేదు. భర్త తరఫున కంపెనీ వేసిన వలస దరఖాస్తుకు ఆమోదం వస్తే భార్య కూడా పని అనుమతి కార్డుకు అడగొచ్చని ఆ తర్వాత వెసులుబాటు ఇచ్చారు. నాకూ ఆ కార్డు వచ్చింది. ఒక కళాశాలలో బోధించే పని దొరికేలా ఉంది. పాపకు ఎనిమిది నెలలు. మరి పాపను ఎవరు చూస్తారు?

మా ఇంట్లో ఈ ప్రశ్న నాకొక్కదానికే ప్రశ్న. అక్కడి తెలుగు ఇళ్ళల్లో దీనికొక అలవాటైన జవాబు ఉంది. ఆరు నెలలు అమ్మ, ఆరు నెలలు అత్తగారు, సందర్శక వీసా మీద. మా అమ్మ లేదు. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. అందుకని చిన్నమ్మను అడిగాం. "దేశం చూసినట్టూ ఉంటుంది, పాపతో ఉన్నట్టూ ఉంటుంది" అని ఫోన్లో నేనే అన్నాను. సందర్శక వీసా మీద జీతానికి పని చెయ్యకూడదు. జీతం లేకుండా, ప్రేమతో చేస్తే దాన్ని ఎవరూ పని అనరు. ఈ సౌకర్యం గురించి ఫోన్లో మాట్లాడుతున్నప్పుడు నాకు ఆలోచనే రాలేదు. చిన్నమ్మకు వచ్చింది.

"సూసేదానికి వచ్చినామని రాపిచ్చి పని సేసేది నాకు వద్దమ్మే. ఏడేండ్లు ఖల్లివల్లిగా బతికినా. ఆ బతుకు నాకు సాలు" అంది.

గల్ఫ్‌లో యజమానిని వదిలేసి, సరైన కాగితాలు లేకుండా బతికేవాళ్ళను మా వైపు ఖల్లివల్లి అంటారు. చిన్నమ్మ ఖల్లివల్లి ఎలా అయిందో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

ఆమె మా అమ్మకు కడగొట్టు చెల్లెలు. నాకంటే ఆరేళ్ళే పెద్ద. ఒకే ఇంట్లో, ఒకే చాప మీద పెరిగాం. ఏడో తరగతితో ఆమె బడి మానిపించి శెనక్కాయలు పీకడానికి పంపారు. నన్ను చదివించారు. పెళ్ళయిన మూడేళ్ళకు పిల్లలు పుట్టలేదని అత్తగారింటివాళ్ళు ఆమెను తెచ్చి మా ఇంట్లో వదిలిపోయారు. మా ప్రాంతంలో కరువుకైనా, అప్పుకైనా, ఇలా తిరిగొచ్చిన ఆడపిల్లకైనా కువైట్ ఒక పాత జవాబు. కడప, రాయచోటి, రాజంపేట వైపు నుంచి ఎన్నో ఏళ్ళుగా మనుషులు గల్ఫ్‌కు పోతూనే ఉన్నారు. 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించినప్పుడు కట్టుబట్టలతో తిరిగొచ్చినవాళ్ళలోనూ చాలామంది మళ్ళీ అక్కడికే పోయారు. మగవాళ్ళు డ్రైవర్లుగానో కూలీలుగానో పోతారు. ఆడవాళ్ళు ఎక్కువగా ఖాదిమాలుగా, అంటే ఇంటి పనిమనుషులుగా పోతారు. కంపెనీలో పనిచేసేవాళ్ళకు 18వ నెంబరు వీసా, ఇళ్ళల్లో చేసేవాళ్ళకు 20వ నెంబరు వీసా. ఆ రెండంకెల తేడా చిన్నది కాదు. 2010లో కువైట్ ప్రైవేటు ఉద్యోగుల కోసం తెచ్చిన కార్మిక చట్టం ఇంటిపనివాళ్ళను బయటే ఉంచింది.

మన వైపు 1983 నాటి వలస చట్టం ఉంది. పదో తరగతి పాసవనివాళ్ళు గల్ఫ్ లాంటి దేశాలకు పనికి పోవాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. ముప్పై ఏళ్ళు నిండని ఆడవాళ్ళను అక్కడికి ఇంటిపనికి పంపకూడదన్న నిబంధన దానికి తోడు. మగవాళ్ళకు ఈ ముప్పై ఏళ్ళ అడ్డు లేదు. 2008లో చిన్నమ్మకు 25 ఏళ్ళు. ఏజెంటు ఆమెను 31 ఏళ్ళదాన్ని చేశాడు. పాస్‌పోర్టులో ఆమె పుట్టింది 1977లో, ఆధార్‌లో 1983లో. రక్షణ కోసమని పెట్టిన నిబంధన ఆమె వయసులోంచి ఆరేళ్ళు మింగింది. 2016 ఆగస్టు నుంచి ఇలాంటి స్త్రీలను ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలని కేంద్రం కట్టుదిట్టం చేసింది. అప్పటికి చిన్నమ్మ వెళ్ళి ఎనిమిదేళ్ళయింది.

పద్నాలుగు మంది ఉన్న ఇల్లు. నెలకు 40 దీనార్లు, అప్పటి లెక్కలో మన ఆరు వేల రూపాయలకు కాస్త పైన. దిగిన రోజే పాస్‌పోర్టు యజమాని బీరువాలోకి పోయింది. మూడేళ్ళు చేసింది. చివర అయిదు నెలల జీతం ఇవ్వకపోతే ఒక తెల్లవారుజామున చెత్తబుట్ట పట్టుకుని గేటు దాటి, ఆ బుట్ట అక్కడే పెట్టి వెళ్ళిపోయింది. అక్కణ్ణుంచి ఏడేళ్ళు ఖల్లివల్లి. నాలుగు ఇళ్ళల్లో గంటల లెక్కన పని, మన ఊరి ఆడవాళ్ళతో కలిసి ఒక గదిలో కాపురం, పోలీసు బండి కనిపిస్తే సందులోకి. 2015లో కువైట్ ఇంటిపనివాళ్ళ కోసం ప్రత్యేక చట్టం చేసింది. వారానికో సెలవు, రోజుకు పన్నెండు గంటలకు మించని పని అన్నారు. మరుసటేడు కనీస జీతం 60 దీనార్లన్నారు. ఇవేవీ ఆమెకు తెలియవు. తెలిసినా, కాగితం లేని మనిషి ఏ చట్టం ముందు నిలబడుతుంది? 2018 జనవరి చివర కువైట్ క్షమాభిక్ష ప్రకటించినప్పుడు మన రాయబార కార్యాలయం ముందు వరసలో నిలబడి, తాత్కాలిక పత్రం తీసుకుని, మార్చిలో ఇల్లు చేరింది. పాత పాస్‌పోర్టు తిరిగి ఎలా సంపాదించిందో అది వేరే కథ.

ఆ పదేళ్ళలో ఆమె పంపిన డబ్బుతోనే నేను ఎం.ఏ. చదివాను. పరిశోధనలో చేరాను. డబ్బాలోని రసీదుల మీద తేదీలు చూస్తే నా ఫీజులు కట్టిన నెలలు గుర్తొచ్చాయి.

ఆ రాత్రి పాప పడుకున్నాక ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. అమెరికాలో ఉద్యోగం ఆధారంగా శాశ్వత నివాసం ఇచ్చే పద్ధతికి ఇప్పటి రూపం 1990 నాటి చట్టంతో వచ్చింది. ఏడాదికి సుమారు 1,40,000 వీసాలు, అయిదు మెట్లు. అసాధారణ ప్రతిభావంతులు, పేరుపొందిన పరిశోధకులు మొదటి మెట్టు మీద ఉంటారు. పెద్ద చదువులవాళ్ళు రెండో మెట్టు. మూడో మెట్టు మీద డిగ్రీవాళ్ళు, కనీసం రెండేళ్ళ శిక్షణో అనుభవమో కావలసిన పనులు చేసేవాళ్ళు, వాళ్ళ వెనకగా 'ఇతర పనివాళ్ళు'. అంటే రెండేళ్ళ శిక్షణ కూడా అక్కర్లేని పనులు చేసేవాళ్ళు. వీళ్ళకు చట్టం 10,000కు మించి ఇవ్వనంది, 1997లో వచ్చిన మరో చట్టం అందులోనూ కోత పెట్టింది. ఏ దేశానికీ మొత్తంలో 7 శాతం దాటకూడదన్న హద్దు వల్ల భారతీయులకు మూడో మెట్టు మీద నిరీక్షణ పదేళ్ళ పైమాటే.

డాక్టరేట్ ఉన్న నేను, ఉద్యోగమిచ్చే సంస్థ దొరికితే, రెండో మెట్టు మీద నిలబడగలను. ప్రస్తుతానికి నా భర్త దరఖాస్తులో ఒక పంక్తిని. ఆ 1,40,000లోనే భార్యాపిల్లలనూ లెక్కిస్తారు. వీసాల లెక్కలో నేను ఒకటి, పనివాళ్ళ లెక్కలో సున్నా. ఈ సంగతి మీద నాకు చాలాకాలంగా కోపం ఉంది. దీని మీదే ఒక వ్యాసం రాయాలనుకున్నాను కూడా. చిన్నమ్మ కోసం కిందికి చదువుతూ పోయేసరికి ఆ వ్యాసం నా చేతుల్లోంచి జారిపోయింది.

ఇంట్లోనే ఉండి ఇంటిపని చేసేవాళ్ళ కోసం అమెరికా కార్మిక శాఖ నిబంధనల్లో ఒక ప్రత్యేక భాగం ఉంది. పెట్టుకునే కుటుంబం తమ ఇంట్లో ఎన్ని గదులో, పెద్దలు ఎందరో, పిల్లలు ఎందరో, వాళ్ళ వయసులెంతో రాయాలి. ఉచిత భోజనం, మరెవరితోనూ పంచుకోనక్కర్లేని ప్రత్యేకమైన గది ఇస్తారో లేదో రాయాలి. పని గంటలు, జీతం ఒప్పందంలో ఉండాలి. పని లేని వేళల్లో ఆమె ఇల్లు దాటి ఎక్కడికైనా పోవచ్చనీ రాయాలి. వర్జీనియా ఉల్ఫ్ 1929లో రాయడానికి కూర్చునే స్త్రీకి కావాలన్న గది, ఒక ప్రభుత్వ నిబంధనలో, గిన్నెలు కడిగే స్త్రీ కోసం కనిపించింది. కాగితం మీద ఉన్నవన్నీ జరుగుతాయని కాదు. అయినా ఆ వాక్యం చిన్నమ్మకు తెలుగులో చదివి వినిపించాను.

"గది ఇస్తారా ల్యాదా అని సర్కారు అడుగుతాదా?" అని నవ్వింది. "నేను ఇస్త్రీ గదిలో పండుకుంటాంటి. రాత్రి పన్నెండుకైనా ఎవరో ఒకరు గుడ్డలు తెచ్చి మీదేసి పోతాండ్రి."

తర్వాతి నిబంధన దగ్గర ఇద్దరం ఆగిపోయాం. పనికి వచ్చే మనిషికి జీతంతో చేసిన అనుభవం కనీసం ఒక పూర్తి ఏడాది ఉండాలి. దానికి పాత యజమానుల పత్రాలు కావాలి. ఏ తేదీన చేరింది, ఏ తేదీన మానింది, రోజుకు ఎన్ని గంటలు, వారానికి ఎన్ని రోజులు, ఎక్కడ, ఏయే పనులు, ఏయే పరికరాలు వాడింది, నెలకో వారానికో ఎంత జీతం.

పదేళ్ళు కువైట్ ఇళ్ళు ఊడ్చిన మనిషికి ఒక్క ఏడాది రుజువు లేదు. మొదటి యజమానిని వదిలి పారిపోయింది, అతను రాసివ్వడు. మిగిలిన ఏడేళ్ళు చట్టం కళ్ళకు ఆమె ఆ దేశంలోనే లేదు. రసీదులు డబ్బు పంపినట్టు చెబుతాయి, ఏ పని చేసి సంపాదించిందో చెప్పవు. నా విషయం వేరే. నేను పాఠాలు చెప్పిన కళాశాలకు ఒక ఉత్తరం రాస్తే నాలుగు రోజుల్లో అనుభవ పత్రం, ముద్రతో సహా వచ్చింది.

చిన్నమ్మ కాసేపు ఊరుకుని, డబ్బాలోంచి అమ్మ ఆసుపత్రి కాగితాలు తీసింది.

"మీ యమ్మకు మూడేండ్లు సేసినా గదా. అది నువ్వు రాసియ్యి" అంది.

ఎగతాళికి అనలేదు. నిజంగానే అడిగింది. ఏడాది కావాలన్నారు, మూడేళ్ళు ఉన్నాయి, యజమాని ఎదురుగా కూర్చుని ఉంది, చదువుకున్న మనిషి. ఇంతకంటే తేలిక ఏముంటుంది?

కాగితం తీసుకున్నాను. చేరిన తేదీ: 2019 ఫిబ్రవరి, అమ్మకు పక్షవాతం వచ్చిన వారం. మానిన తేదీ: 2022 మే, అమ్మ పోయిన రోజు. వారానికి ఎన్ని రోజులు: ఏడు. రోజుకు ఎన్ని గంటలు? అడిగితే ఆమె వేళ్ళు మడవడం మొదలుపెట్టి మధ్యలో వదిలేసింది. తెల్లవారి నాలుగింటికి పక్క తిప్పాలి, లేకపోతే వీపు పుండ్లు పడుతుంది. రాత్రి రెండింటికి ఒకసారి లేచి చూడాలి. పనులు: మలమూత్రాలు తియ్యడం, ఒళ్ళు తుడవడం, సంగటి మెత్తగా పిసికి తినిపించడం, చెయ్యీ కాలూ ఆడించడం, మందులు, వంట, బట్టలు. 2021 నవంబరు వరదల్లో పాపఘ్ని మీద వంతెన కూలిపోయినప్పుడు, అమ్మకు జ్వరం తగ్గకపోతే, దొరికిన ఆటోలో పడుకోబెట్టి చుట్టుదారిన కడప తీసుకుపోవడం. ఇదంతా నాకు ఫోన్లో తెలుసు. పరికరాలు: మంచం, బేసిన్, చేతులు.

జీతం దగ్గర కలం ఆగింది.

నేను నెలనెలా అయిదువేలు పంపేదాన్ని, అమ్మ ఖాతాకు, ఇంటి ఖర్చులకు. ఉగాదికి చీర పెట్టాను. చిన్నమ్మకని విడిగా ఒక్క రూపాయి కూడా పంపినట్టు గుర్తు రాలేదు. ఆమె ఎప్పుడూ అడగలేదు, నేను ఎప్పుడూ అనుకోలేదు. సొంత అక్కకు చేస్తోంది కదా, వేరే పనేముంది, మా ఇంట్లోనే ఉంటోంది కదా... లోపల ఎక్కడో ఇవే మాటలు ఉండి ఉంటాయి. కువైట్‌లో ఆమెకు అయిదు నెలల జీతం ఎగ్గొట్టిన ఇంటి గురించి నేను ఎన్నిసార్లు కోపంగా మాట్లాడానో! మా ఇంట్లో అది మూడేళ్ళ మూడు నెలలు.

ఆ మూడేళ్ళు నేనేం చేస్తున్నాను? హైదరాబాదులో సిద్ధాంత గ్రంథం రాస్తున్నాను. తెలుగు కథల్లో ఇంటిచాకిరీ నా విషయం. ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మరిచిపోయిన గృహిణి కథ, పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' మీద నాకొక అధ్యాయమే ఉంది. 1972లో సెల్మా జేమ్స్, మరియారోజా దల్లా కోస్తా మరికొందరితో కలిసి మొదలుపెట్టిన 'ఇంటిపనికి వేతనం' ఉద్యమం గురించి ఇరవై పేజీలు రాశాను. మన దేశంలో ఆడవాళ్ళు జీతం లేని ఇంటిపని రోజుకు 299 నిమిషాలు చేస్తుంటే మగవాళ్ళు 97 నిమిషాలు చేస్తున్నారని 2019 నాటి జాతీయ సర్వే చెప్పిన లెక్కను ముగింపులో చేర్చాను. ఆ లెక్క టైపు చేస్తున్న రోజుల్లో మా ఇంట్లో ఆ నిమిషాలు గడుపుతున్నది ఎవరో నాకు తట్టలేదు. 2021లో డాక్టరేట్ వచ్చింది. గ్రంథంలో కృతజ్ఞతల పేజీలో గైడు పేరు, గ్రంథాలయ సిబ్బంది, స్నేహితులు, చివర 'మా కుటుంబ సభ్యులు' ఉన్నారు. చిన్నమ్మ పేరు లేదు.

మా ఆయనకు ఫోన్ చేసి చెబితే, "ఏదో ఒక అంకె వెయ్యి, ఎవరు చూడొచ్చారు" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. కానీ 2008లో ఏజెంటు కూడా అలాగే ఒక అంకె వేశాడు. పైగా యజమానికీ పనిమనిషికీ బంధుత్వం ఉంటే ఆ సంగతి కూడా దరఖాస్తులో చెప్పాలి. అన్నీ నిజంగా కుదిరినా, దరఖాస్తు ఈ ఏడాదే వేసినా, వంతు వచ్చేసరికి పాప పెద్దదైపోతుంది. ఆ పనికి వాళ్ళు పెట్టిన పేరు, రెండేళ్ళ శిక్షణ కూడా అక్కర్లేని పని. పక్షవాతం వచ్చిన మనిషి వీపు మీద మూడేళ్ళలో ఒక్క పుండు పడకుండా చూడడం ఏ మెట్టు మీదికి వస్తుందో నాకు అర్థం కాలేదు. 2011 జూన్‌లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటిపనివాళ్ళ హక్కుల కోసం 189వ ఒడంబడిక చేసింది. భారత్, కువైట్, అమెరికా, మూడూ ఇంతవరకు దాన్ని ధృవీకరించలేదు. ఈ విషయంలో మూడు దేశాలదీ మా ఇంటిదీ ఒకే దారి.

వీసా ఆఫీసు అడిగే ప్రశ్న తప్పని ఇప్పుడు అనలేకపోతున్నాను. నువ్వు పని చేశావా అని అది అడగదు. నువ్వు చేసినదాన్ని పని అని ఒప్పుకుని, జీతమిచ్చి, సంతకం పెట్టినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడుగుతుంది. చిన్నమ్మ జీవితంలో అలాంటివాళ్ళు ఒక్కరూ లేకపోవడం ఆ ఆఫీసు చేసిన తప్పు కాదు. ఆ ఒక్కరు నేను కాగలిగి ఉండేదాన్ని.

రెండ్రోజుల తర్వాత పత్రం పూర్తిచేశాను. తేదీలు, రోజులు, పనులు అన్నీ వివరంగా రాశాను. గంటల దగ్గర 'రేయింబవళ్ళు' అని రాశాను. జీతం దగ్గర 'ఇవ్వలేదు' అని రాశాను. కింద పేరుకు ముందు డాక్టర్ అని పెట్టి సంతకం చేశాను. చదివి వినిపిస్తే చిన్నమ్మ మధ్యలో ఆపి, "సెలైన్ మార్చేది గూడా నేనే నేర్చుకుంటి, అది రాయలే" అంది. అదీ చేర్చాను.

"ఈ కాగితానికి వీసా రాదు గదా?"

"రాదు చిన్నమ్మా."

"అయినా ఉండనీలే" అని నాలుగు మడతలు పెట్టి డబ్బాలో బతాకా పక్కన పెట్టింది.

ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని ఒక లెక్క వేశాం. కడపలో మంచం పట్టినవాళ్ళను చూసుకునే మనిషికి ఆ రోజుల్లో ఎంతిచ్చేవాళ్ళో ఆమే కనుక్కుని చెప్పింది. ముప్పై తొమ్మిది నెలలు. వచ్చిన మొత్తం చూసి నేను ఉలిక్కిపడ్డాను, ఆమె పడలేదు. "ఒగేసారి వద్దులే, నెలకింత పంపు" అంది. ప్రేమతో చేసినదానికి లెక్క కడితే ప్రేమ పోతుందని అంటారు. ఆ సాయంత్రం మా ఇద్దరి మధ్యా ఏమీ పోలేదు. నాకు భయమేసింది, అంతే.

చిన్నమ్మ లేకుండానే తిరిగొచ్చాను. పాపను ఇక్కడి పిల్లల సంరక్షణ కేంద్రంలో వేశాం. నా జీతంలో పెద్ద భాగం దానికే పోతోంది. వారంలో రెండు ఉదయాలు పాపను చూసుకోవడానికి మా ఆయన ఆఫీసు వేళలు మార్చుకున్నాడు, కాస్త గొణుక్కుంటూనే. మొదటి నెల డబ్బు పంపిన రోజు చిన్నమ్మకు ఫోన్ చేశాను.

"పడినాయి. దేనికని రాసినావు?" అని అడిగింది.

"జీతం బకాయి అని."

"ఊ" అని కాసేపు ఆగింది. "రసీదు తీసి పెట్టుకో, నేనూ తీపిచ్చుకుంటా. పాపకు పండ్లొచ్చినాయా?"